లంకలో ఇల్లు వదిలి కొన్నాళ్లు ఒడ్డుకు వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి పాయల మధ్య లంకల్లో ఉండే కుటుంబాలన్నీ జూలై వచ్చేసరికి ఒకే లెక్కలో పడతాయి. ఈసారి నీళ్లు ఎంతవరకు వస్తాయి, ఎప్పుడు బయటపడాలి, ఎన్నాళ్లు ఉండాలి, ఇల్లు ఎవరికి అప్పజెప్పాలి. కొందరు వరద తగ్గేదాకా పది పదిహేను రోజులు వెళ్లొస్తారు. ఇంట్లో చంటిబిడ్డో, పురిటికి దగ్గరపడ్డ అమ్మాయో, డయాలసిస్‌కి తిరగాల్సిన పెద్దాయనో ఉంటే సెప్టెంబర్ చివరిదాకా ఒడ్డునే ఉండిపోతారు. ఈ రెండు రకాలవాళ్లూ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. కోనసీమ లంకలను దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా పశ్చిమ గోదావరి వైపు లంకలవాళ్లకూ దాదాపు అన్నీ పనికొస్తాయి.

అసలు ఎప్పుడు బయల్దేరాలి?

మీ ఊరి దారి మునగకముందే బయల్దేరాలి. ఇంటి మెట్ల దగ్గరికి నీళ్లొచ్చేదాకా ఆగితే అప్పటికి దారి ఉండదు. లంకల్లో ఇళ్లు దిబ్బల మీద, ఎత్తు పునాదుల మీద కట్టుకుంటాం. పాయ దాటడానికి వేసిన కాజ్‌వే రోడ్లూ తాత్కాలిక గట్లూ మాత్రం పల్లంగా ఉంటాయి. అందుకే ఇంట్లోకి చుక్క నీరు రాకుండానే ఊరంతా చిక్కుకుపోతుంది. యలమంచిలి మండలంలో కనకాయలంక కాజ్‌వే, అయినవిల్లి మండలంలో ఎదురుబిడియం కాజ్‌వే వరద వార్తల్లో ముందుగా వినబడే పేర్లు. పి.గన్నవరం మండలంలో బూరుగులంక రేవు దగ్గర వేసిన తాత్కాలిక దారి తెగిపోతే జి.పెదపూడిలంక, ఉడుమూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక వాళ్లకు పడవే దిక్కు.

కాబట్టి ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీ ఇంటి నుంచి ఏటిగట్టు ఎక్కేదాకా ఉన్న దారిలో అన్నిటికంటే పల్లం ఎక్కడ? ఆ చోటు మునగడానికి కనీసం ఒక పూట ముందే పెద్దవాళ్లు, పిల్లలు, పశువులు గట్టు ఎక్కేసి ఉండాలి. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లు ఇద్దరు ఆగి సామాను సర్ది వస్తామంటే అది వేరే సంగతి. మామ్మనీ చంటిపిల్లనీ మాత్రం ఆఖరి పడవ దాకా ఆపొద్దు.

టీవీలో చెప్పే ధవళేశ్వరం అంకెలు మా ఊరికి ఎలా వర్తిస్తాయి?

ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 13.75కు రెండోది, 17.75కు మూడోది. కిందికి వదిలే నీటి లెక్కలో ఇవి సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు). ఎగువన భద్రాచలంలో ఈ మూడు హెచ్చరికలు 43, 48, 53 అడుగుల దగ్గర వస్తాయి. అక్కడ పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి సుమారు ఒక రోజు పడుతుంది. అంటే భద్రాచలం అంకె మనకు ఒక రోజు ముందే అందిన కబురు. సర్దుకోవడానికి మన చేతిలో ఉన్న టైం అదే. మొదటి హెచ్చరిక ఇచ్చే సమయానికే చాలా కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటాయి కాబట్టి లంకలవాళ్లు ధవళేశ్వరం కబురు కోసం కాకుండా భద్రాచలం కబురు విని కదలాలి.

అయినా ఈ అంకెలు మీ వీధి గురించి ఏమీ చెప్పవు. దానికి పాత పద్ధతే మంచిది. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ధవళేశ్వరంలో ఇన్ని అడుగులు ఉన్నప్పుడు మన కాజ్‌వే మీద మోకాలి లోతు, ఇన్ని ఉన్నప్పుడు రామాలయం అరుగు తడిసింది, ఇన్ని ఉన్నప్పుడు మన సందు మొదట్లోకి నీళ్లొచ్చాయి అని తేదీ వేసి రాసుకోండి. రెండు మూడు వరదలు రాసిపెట్టిన పుస్తకం మీ ఇంటి విషయంలో ఏ యాప్ కన్నా బాగా పనికొస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రేవులో పడవ నడిపేవాళ్లను అడగండి, వాళ్లకు ఈ లెక్క నోటికి వచ్చేసి ఉంటుంది.

ఐ.పోలవరం, కాట్రేనికోన, సఖినేటిపల్లి వైపు, అంటే సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు పోటు కూడా చూసుకోవాలి. అమావాస్యకీ పౌర్ణమికీ సముద్రం పోటు ఎక్కువ. ఆ రోజుల్లో వరద నీరు త్వరగా దిగక పాయల్లోనే నిలబడుతుంది. ధవళేశ్వరంలో తగ్గుముఖం పట్టిందని చెప్పినా మీ రేవులో ఇంకా పెరుగుతుంటే కంగారు పడొద్దు, అలాగని తగ్గిపోయిందని నమ్మి వెనక్కి రానూ వద్దు.

1986లోనే మా ఇల్లు మునగలేదు. మేడ ఎక్కి కూర్చుంటే సరిపోదా?

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. ధవళేశ్వరం నుంచి సుమారు 35 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోయాయి. 2022 జూలైలో కూడా భద్రాచలంలో 71 అడుగులు దాటింది. 1986ని తట్టుకున్న ఇల్లంటే మంచి ఎత్తు మీద ఉన్నట్టే, అందులో సందేహం లేదు. కానీ లంక ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఒకపక్క ఒండ్రు మేట వేస్తుంది, ఇంకోపక్క ఒడ్డు కోతకు గురై కొబ్బరి చెట్లతో సహా జారిపోతుంది. అప్పుడు ఏటికి దూరంగా ఉన్న ఇల్లు ఇప్పుడు ఒడ్డుమీదికి వచ్చి ఉండొచ్చు. ఒడ్డు కోసుకుపోతున్న వైపు ఉన్నవాళ్లు 1986 గుర్తు మీద అస్సలు భరోసా పెట్టుకోవద్దు.

పైగా నీళ్లు ఇంట్లోకి రాకపోయినా ఇబ్బందులు వస్తాయి. ముందు కరెంటు తీసేస్తారు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, తాగే నీళ్లకు కటకట. ఫోన్లో ఛార్జింగ్ అయిపోతుంది. నాలుగైదు రోజులకు బీపీ మాత్రలు అయిపోతాయి, ఫ్రిజ్ ఆడక ఇన్సులిన్ పాడవ్వొచ్చు. అర్ధరాత్రి ఎవరికైనా ఛాతీలో నొప్పి వస్తే ఆ ప్రవాహంలో పడవ వెయ్యమని ఎవరిని అడుగుతారు? ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు ఇంటికి కాపలాగా మేడ మీద ఉంటే ఉండొచ్చు. గర్భిణి గానీ, పసిపిల్లలు గానీ, మంచం దిగలేనివాళ్లు గానీ ఉంటే మేడ మాటే ఎత్తొద్దు.

మామ్మ రానంటోంది. పుట్టి బుద్ధెరిగి ఇల్లు వదల్లేదు అంటోంది. ఎలా ఒప్పించాలి?

దాదాపు ప్రతి లంక ఇంట్లోనూ ఇది ఉంది. కసురుకుంటే పని కాదు, ఆవిడ ఇంకా బిగుసుకుపోతుంది. రానంటోందంటే దాని వెనక ఏదో ఒకటి ఉంటుంది. అదేమిటో కూర్చుని అడగండి. పాడి గేదెను ఎవరు చూస్తారన్న బెంగ కావచ్చు. దేవుడి దగ్గర దీపం ఆగిపోతుందని కావచ్చు. కూతురింట్లో నెలరోజులు ఉంటే అల్లుడు ఏమనుకుంటాడోనన్న మొహమాటం కావచ్చు. మరో ఊళ్లో కన్నుమూస్తానేమోనన్న భయం కూడా ఉంటుంది, అది ఆవిడ పైకి చెప్పదు.

ఒక్కోదానికి ఒక్కో ఏర్పాటు చెయ్యాలి. గేదెను ముందే గట్టు మీదికి పంపించి, అది ఎక్కడ కట్టి ఉందో చూపించండి. దేవుడి పటాలు, దీపపు కుందె ఒక సంచిలో సర్ది ఆవిడ చేతికే ఇవ్వండి, వెళ్లిన చోట ఒక గూడు చూపించండి. ఇంటి తాళం ఆవిడతోనే వేయించి, తాళంచెవి ఆవిడ కొంగుకే కట్టుకోనివ్వండి. మీకు చిన్న విషయంగా కనిపించొచ్చు, కానీ ఇల్లు తన చేతుల్లోనే ఉందన్న ధైర్యం ఆవిడకు అందులోనే దొరుకుతుంది. తన దిండు, దుప్పటి, చేతికర్ర, మంచినీళ్ల చెంబు కూడా వెంట రావాలి. కొత్త చోట రాత్రి లేచినప్పుడు బాత్రూమ్ దారి తెలియక పెద్దవాళ్లు పడిపోతుంటారు, చిన్న లైటు ఒకటి వెలిగే ఉంచండి.

వీలైతే వరద మొదలవకముందే, దారి పొడిగా ఉండగానే ఆవిడను ఒక వారం ఆ ఇంటికి తీసుకెళ్లి ఉంచి రండి. ఒకసారి ఆ చోటు అలవాటైతే రెండోసారి బయల్దేరదీయడం తేలిక. కొడుకు చెప్తే వినని మనిషి తోటికోడలో ఈడు స్నేహితురాలో చెప్తే వింటుంది. ఇద్దరు ముసలివాళ్లూ కలిసి బయల్దేరేలా రెండిళ్లవాళ్లూ మాట్లాడుకోండి.

ఏ కాగితాలు పట్టుకెళ్లాలి?

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కులు, పట్టాదారు పాస్‌బుక్, ఇంటి పన్ను రసీదు, దస్తావేజులు, కౌలు కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, ఆసుపత్రి చీటీలు, ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) కాగితాలు, గర్భిణి ఉంటే తల్లీబిడ్డల కార్డు. అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో వేసి, మూతి మడిచి, ఇంకో కవర్లో పెట్టండి. ఆ సంచి మనిషి ఒంటి మీదే ఉండాలి, సామాను మధ్య పడెయ్యొద్దు. ప్రతి కాగితానికీ ఫోన్లో ఫొటో తీసి ఊరవతల ఉన్న ఒక బంధువుకు పంపండి. ఆధార్ లాంటివి డిజిలాకర్‌లో కూడా ఉంటాయి, కానీ దస్తావేజు ఒరిజినల్ తడిస్తే మళ్లీ నకలు కోసం ఎన్ని రోజులు తిరగాలో తెలిసిందే కదా.

మందులు కనీసం నెల రోజులవి కొని పెట్టుకోండి. మందుల పేర్లు తెలుగులో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంట్లో మరొకరికి కూడా ఇవ్వండి.

బీరువా, ఫ్రిజ్, బియ్యం, పరుపులు ఏం చెయ్యాలి?

మేడ ఉంటే మేడ మీదికి, లేకపోతే అటక మీదికి. అటక కూడా లేని పెంకుటింట్లో పక్కింటి డాబా అడగండి, లంకల్లో కాదనేవాళ్లు ఉండరు. ఎత్తు ఎంత పెట్టాలనేదే ప్రశ్న. గోడ మీద పాత వరద గుర్తు ఉంటే దానికి ఇంకో రెండడుగులు కలపండి.

మోయలేని బీరువాలో కింది అరలు ఖాళీ చేసి బట్టలు, పట్టుచీరలు పైకి చేర్చండి. నగలు బీరువాలో ఉంచి వెళ్లొద్దు, ఊళ్లో ఎవరికీ ఇవ్వనూ వద్దు. వెంట తీసుకెళ్లండి, లేదా బ్యాంకు లాకరులో పెట్టండి. ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, తలుపు కొంచెం తెరిచి పెట్టాలి. మూసి వదిలేస్తే బూజు వాసన నెలలు తరబడి పోదు. ఫ్రిజ్ నీళ్లలో తేలి పక్కకు పడుతుంది కాబట్టి బల్ల మీదికి ఎత్తి కిటికీ ఊచకు తాడుతో కట్టండి. బియ్యం బస్తా నేల మీద ఉంటే నీళ్లు రాకపోయినా చెమ్మకు ముక్కిపోతాయి. మూత బిగించే డ్రమ్ముల్లో పోసి పైన పెట్టండి. తిరిగొచ్చాక వారం రోజులు వండుకోవడానికి సరిపడా బియ్యం, పప్పు, ఉప్పు, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు విడిగా ఒక డబ్బాలో సర్ది పెట్టండి. వచ్చిన రోజు కొట్లు తెరిచి ఉండవు.

పురుగుమందు డబ్బాలు, యూరియా బస్తాలు ఎవరూ పట్టించుకోరు. అవి నీళ్లలో కలిస్తే మన బావినే పాడు చేస్తాయి. ముందు వాటినే పైకెక్కించండి.

గ్యాస్ సిలిండర్, కరెంటు, మోటారు?

సిలిండర్ రెగ్యులేటర్ ఆపి, తీసేసి, మూతి మీద ప్లాస్టిక్ టోపీ బిగించండి. వరద నీటిలో సిలిండర్ తేలిపోతుంది, నిండుగా ఉన్నది కూడా. గొలుసుతో స్తంభానికి కట్టాల్సిందే. కరెంటు మెయిన్ దింపి ఫ్యూజులు పీకేయండి. బోరు మోటారు పైకి కనిపించేది అయితే విప్పించి అటకెక్కించండి. వరద తర్వాత వైండింగ్ చేయించడానికి వరసలో నిలబడటం కన్నా ఇది మేలు. నేలబావి ఉంటే పైన గట్టి పరదా కట్టి బిగించండి. నీళ్లు ఆగవు గానీ చెత్త, చచ్చిన కోళ్లు పడకుండా ఉంటాయి.

ఇల్లు తాళం వేసి అందరం వెళ్లిపోవచ్చా?

వెళ్లొచ్చు. కాకపోతే మూడు నెలలు ఇల్లు మూసి ఉంచేవాళ్లు వారానికి ఒకసారి తలుపులు తెరిచి గాలి ఆడేలా చూసే మనిషిని పెట్టుకోవాలి. ఆ మనిషి నది నుంచి మీ ఇంటికన్నా ఎత్తులో ఉండేవాడైతే మంచిది, లేకపోతే వరదలో ఆయన ఇల్లు చూసుకోవడమే ఆయనకు సరిపోతుంది. ఊరికే చెయ్యమనకండి. నెలకింత అని మాట్లాడుకుంటే అడగడానికి మీకూ, చెప్పడానికి ఆయనకీ ఇబ్బంది ఉండదు. వెళ్లేముందు వార్డు మెంబరుకీ, గ్రామ సచివాలయంలోనూ ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి. పడవలు పెట్టి ఊరు ఖాళీ చేయించేటప్పుడు మీ ఇంట్లో ఎవరైనా చిక్కుకున్నారేమోనని వెతకాల్సిన పని వాళ్లకు తప్పుతుంది.

పశువులను ఏం చెయ్యాలి?

మనుషుల కన్నా ముందు పశువులే గట్టు ఎక్కాలి. దారి తడి కాకముందే నడిపించుకెళ్తే సులువు, ఆ తర్వాత పడవలో ఎక్కించడం పశువుకీ మనిషికీ ప్రమాదం. మేత సంగతి కూడా ముందే చూసుకోవాలి. గట్టు మీద అందరి పశువులూ చేరాక గడ్డి దొరకదు. పది రోజులకు సరిపడా ఎండుగడ్డి ముందే ట్రాక్టరు మీద తోలించి పరదా కప్పి పెట్టండి. వాన తగిలి కుళ్లిన గడ్డి వెయ్యకండి.

గొంతువాపు టీకా వర్షాలు మొదలవకముందే వేయించాలి. ఈ జబ్బు తగిలితే పశువు ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. సంచార పశువైద్య వాహనానికి 1962కి ఫోన్ చెయ్యొచ్చు.

ఆఖరి నిమిషంలో ఏ పశువునైనా తీసుకెళ్లలేకపోతే కట్టు విప్పేయండి. పలుపుతో రాటకు కట్టి ఉన్న పశువు నీళ్లు పెరిగితే తల ఎత్తలేక అక్కడే మునిగిపోతుంది. విప్పితే ఎత్తు చోటు అదే వెతుక్కుంటుంది. కోళ్ల గూడు, కుక్క గొలుసు కూడా ఇంతే. కుక్కను వీలైతే వెంట తీసుకురండి. బంధువుల ఇంట్లో కుదరదనుకుంటే గట్టు మీద పశువుల దగ్గర కాపలాకు ఉంటుంది.

కొబ్బరి దింపు, అరటి తోట, కూరగాయల మళ్లు వదిలేసి వెళ్లేదెలా?

అన్నీ కాపాడలేం. మనసు కష్టపెట్టుకోకుండా ఏది నిలుస్తుందో, ఏది నిలవదో ముందే అనుకోవాలి. కొబ్బరి చెట్టు వరదకు తట్టుకుంటుంది. వెళ్లేముందు దింపు తీయించేయండి, రాశి పోసిన కాయలు మాత్రం అక్కడ ఉంచొద్దు, నీళ్లొస్తే అన్నీ తేలిపోతాయి. దింపు కార్మికులు ఆ వారంలో అందరికీ కావాలి, ముందే మాట్లాడుకోండి. అరటి అలా కాదు. నాలుగైదు రోజులు నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుంది. పక్వానికి దగ్గరపడ్డ గెలలు ధర తక్కువైనా కోసి రావులపాలెం మార్కెట్‌కు వేసేయడమే నయం. బెండ, వంగ, ఆనప పాదులు పోయినా ఒండ్రు వేసిన నేలలో మళ్లీ బాగా వస్తాయి. అందుకే లంకల్లో చాలామంది అసలు పంట వరద తగ్గాకే వేస్తారు.

వెళ్లేముందు ప్రభుత్వ పంట నమోదులో, అంటే ఈ-పంటలో మీ పేరు, సర్వే నంబరు, వేసిన పంట నమోదయ్యాయో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. కౌలు చేసేవాళ్లు దీన్ని అస్సలు మర్చిపోవద్దు. నమోదు లేకపోతే తర్వాత పంట నష్టం లెక్కలో పేరు రావడం కష్టం.

పిల్లల చదువు ఆగిపోదా?

రెండు వారాలకైతే టీచరుకు చెప్పి పుస్తకాలు పట్టుకెళ్తే చాలు. వరదకు స్కూలే సెలవు ఇస్తారు. మూడు నెలలైతే ఒడ్డున ఉన్న ప్రభుత్వ బడిలో చేర్చండి. ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ కింద ఒక బడి నుంచి ఇంకో బడికి మారే హక్కు ఉంది. హెడ్మాస్టరు టీసీ వెంటనే ఇవ్వాలి, అది రావడం ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఆపకూడదు. పదో తరగతి పిల్లల సంగతి వేరు. వాళ్లను బడి మార్చడం కన్నా హాస్టల్లోనో, రేవు దాటాల్సిన పని లేని బంధువుల ఇంట్లోనో ఉంచడం మంచిది.

పింఛను, రేషన్ పోతాయేమోనని భయంగా ఉంది.

పోవు. ఒక నెల, రెండు నెలలు పింఛను తీసుకోలేకపోతే మూడో నెలలో బకాయి కలిపి ఇస్తారు. మూడో నెల మాత్రం తప్పకుండా మనిషి ఊళ్లో ఉండి తీసుకోవాలి. 1వ తేదీ నాటికి రేవు దాటలేని పరిస్థితి ఉంటే సచివాలయం వాళ్లకు ముందే ఫోన్ చేసి చెప్పండి. రేషన్ మీరు ఉన్న చోట ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, రాష్ట్రం దాటి హైదరాబాద్ వెళ్లినా అక్కడ తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో షాపులు నెలలో 1 నుంచి 15 దాకా ఇస్తాయి.

బంధువుల ఇంట్లో ఉండాలా, పునరావాస కేంద్రానికి వెళ్లాలా, అద్దెకు తీసుకోవాలా?

వారం పది రోజులకు బంధువుల ఇల్లు. అంతకు మించితే ఎంత దగ్గరవాళ్లైనా ఒకే వంటింట్లో రెండు కుటుంబాలకు ఇరుకే. వెళ్లేటప్పుడు ఒక బస్తా బియ్యం, నాలుగు కొబ్బరికాయలు, మీ పక్కలు మీరే పట్టుకెళ్లండి. గ్యాస్‌కు డబ్బులిస్తే తీసుకోరు, సిలిండర్ తెప్పించి పెట్టేయండి. మూడు నెలలకైతే ఒక గది అద్దెకు తీసుకోవడమే మర్యాదగా ఉంటుంది. జూన్‌లోనే చూసుకోండి, వరద వచ్చాక అడిగితే అద్దె పెంచేస్తారు.

పునరావాస కేంద్రానికి వెళ్లడం నామోషీ అనుకోకండి. అక్కడ భోజనం, డాక్టరు ఉంటారు, ఊరి కబురు ముందుగా తెలిసేదీ అక్కడే. బాలింతలకు మాత్రం అది తగిన చోటు కాదు. పురుడు రోజులు దగ్గరపడితే ఏఎన్‌ఎమ్‌కు చెప్పి కనీసం రెండు వారాల ముందే అమలాపురం లాంటి చోట ఆసుపత్రికి దగ్గరగా ఉండేలా చూసుకోండి.

పడవ ఎక్కేటప్పుడు ఏం చూసుకోవాలి?

2018 జూలైలో ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర వరద గోదావరిలో నాటు పడవ, కడుతున్న వంతెన పిల్లర్‌కు తగిలి బోల్తా పడింది. బడి నుంచి ఇంటికి వెళ్తున్న ఆడపిల్లలు గల్లంతయ్యారు. ఆ తల్లిదండ్రుల బాధ తెలిసిన జిల్లాలో ఇంకా లైఫ్ జాకెట్ లేకుండా పిల్లల్ని పడవ ఎక్కించడం చూస్తే గుండె తరుక్కుపోతుంది. జాకెట్ లేదంటే ఎక్కించొద్దు. ఇంకో పడవ వస్తుంది. పెద్దలకు ఉన్నవే పిల్లలకు వేస్తే భుజాల మీంచి జారిపోతాయి, కింద తాళ్లు రెండు కాళ్ల మధ్య నుంచి తీసి కట్టాలి.

ఎర్రనీరు జోరుగా ఉన్నప్పుడు, చీకటి పడ్డాక, గాలివాన ఉన్నప్పుడు దాటొద్దు. పడవలో నిలబడొద్దు, ఒక పక్కకే అందరూ చేరొద్దు. పడవలో మోటార్‌సైకిల్ కూడా ఎక్కిస్తామంటే మీరు దిగిపోండి. నరసాపురం–సఖినేటిపల్లి, కోటిపల్లి–ముక్తేశ్వరం రేవుల్లో వరద పెరిగితే పంటు (మనుషుల్నీ బండ్లనూ దాటించే పెద్ద పడవ) ఆపేస్తారు. ఆపారంటే మీకోసమే ఆపారు. ఎవరినో బతిమాలి దొంగచాటుగా దాటొద్దు. చిక్కుకుపోతే 112 లేదా 1070కి ఫోన్ చేసి ఊరి పేరు, దగ్గర్లో కనిపించే గుడో బడో ఆనవాలు, ఎంతమంది ఉన్నారో చెప్పండి.

తిరిగి ఎప్పుడు రావచ్చు?

అందరూ ఒకేసారి రావొద్దు. హెచ్చరిక ఎత్తేసి, దారి మీద నీళ్లు పూర్తిగా పోయాక ముందు ఒంట్లో ఓపిక ఉన్న ఇద్దరు పగటిపూట వచ్చి ఇల్లు చూడాలి. కాజ్‌వే పైకి బాగానే కనిపించినా కింద మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు, కర్రతో పొడుచుకుంటూ నడవండి. పిల్లలూ ముసలివాళ్లూ మాత్రం ఇల్లు కడిగి, ఆరి, తాగే నీళ్లు వచ్చాకే రావాలి.

ఇంట్లో అడుగు పెట్టాక మొదట చెయ్యాల్సినదేమిటి?

తలుపు తీసి, కర్రతో గుమ్మం మీద గట్టిగా కొట్టి, కాసేపు బయటే నిలబడండి. వరదకు పాములు ఎత్తు వెతుక్కుంటూ ఇళ్లలోకి చేరతాయి. బట్టల మూట కింద, అటక మీద, పొయ్యి సందులో, కట్టెల మోపులో చెయ్యి పెట్టొద్దు. ఎవరికైనా కాటు పడితే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చెయ్యకండి. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108 పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తర్వాత ఒండ్రు. ఇది ఆరకముందే లాగెయ్యాలి. తడిగా ఉన్నప్పుడు గోదావరి ఒండ్రు వెన్నలా ఉంటుంది, పారతో తోస్తే గుమ్మం దాటి పోతుంది. నాలుగు రోజుల ఎండకు అది గచ్చుకు అతుక్కుని, గునపంతో పెళ్లగిస్తే గచ్చుతో సహా లేస్తుంది. అందుకే ముందు వచ్చే ఇద్దరూ పారలు, చీపుర్లు, బకెట్లు పట్టుకునే రావాలి. లోపలి గది నుంచి మొదలుపెట్టి వీధి గుమ్మం వైపు తొయ్యండి, మూలలు, తలుపు చట్రం కింద గాడి, బాత్రూమ్ గొట్టం మర్చిపోవద్దు. బూట్లు వేసుకోండి. కాలికి పుండు ఉన్నవాళ్లు ఈ బురదలో దిగొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం కిడ్నీల దాకా వెళ్తుంది. తర్వాత రోజుల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు బురదలో పనిచేశామని తప్పకుండా చెప్పండి.

స్విచ్ బోర్డు తడిసి ఉంటే మెయిన్ ఎత్తొద్దు, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఆగండి. తీగ తెగి పడి ఉంటే దగ్గరికి వెళ్లకుండా 1912కి చెప్పండి. బావి నీళ్లు తోడించి, పంచాయతీ వాళ్లతో బ్లీచింగ్ వేయించాకే వాడండి. తాగడానికి అప్పటిదాకా ట్యాంకరు నీళ్లో, కాచి చల్లార్చిన నీళ్లో వాడండి. తడిసిన బియ్యం, పిండి మీద ఆశ పెట్టుకోవద్దు.

నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చినప్పుడు మేం ఊళ్లో లేకపోతే?

రాసుకోవడానికి వచ్చేది నీళ్లు తీసిన కొద్ది రోజులకే. అందుకే ముందు వచ్చే ఇద్దరిలో ఒకరి పేరు మీద ఇల్లో, రేషన్ కార్డో ఉంటే మంచిది. ఎవరూ రాలేకపోతే ఇల్లు చూసే మనిషి చేత ఫొటోలు తీయించండి. వెళ్లేముందు ఇల్లు, దొడ్డి, తోట ఎలా ఉన్నాయో మీరు తీసిన ఫొటోలు కూడా పక్కన పెడితే మాట చెల్లుతుంది. కడగకముందే గోడ మీద నీటి గుర్తు కనిపించేలా తియ్యాలి, ఆ గుర్తు పక్కన మనిషి నిలబడితే ఎత్తు తెలుస్తుంది. ఇల్లు దెబ్బతినడం, పంట పోవడం, పశువు చనిపోవడం వేరువేరు జాబితాల్లో రాస్తారు. పశువు చనిపోతే పూడ్చకముందే పశువైద్యుడికి చూపించి కాగితం తీసుకోవాలి. జాబితా సచివాలయంలో అంటిస్తారు. మీ పేరు లేకపోతే అక్కడే అర్జీ రాసి ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి.